గొడుగు, నది, సబ్బు

జూన్ 3

ఉద్యోగం వచ్చింది. దీన్ని ఉద్యోగం అనొచ్చో లేదో తెలియదు. మనస్తత్వశాస్త్రంలో డిగ్రీ పుచ్చుకుని ముసలివాళ్లను గడియారం బొమ్మ గీయమని అడగటం! వీధి చివరి క్లినిక్‌కి ఏ దగ్గుకో మోకాలి నొప్పికో వచ్చిన పెద్దవాళ్లందరికీ, వాళ్లు డాక్టరమ్మను చూసేలోపు నేను జ్ఞాపకశక్తి పరీక్ష పెట్టాలి. పరీక్ష చిన్నదే. మూడు మాటలు చెప్పి తిరిగి చెప్పించుకోవాలి. తర్వాత ఒక సున్నా గీసిచ్చి, అందులో అంకెలు వేసి, పదకొండు గంటల పది నిమిషాలు చూపించేలా ముళ్లు గీయమనాలి. అది అయ్యాక ఇందాకటి మూడు మాటలేంటో అడగాలి. మాటకో మార్కు, గడియారానికి రెండు. ఐదుకి మూడు కూడా రాకపోతే డాక్టరమ్మ కూర్చోబెట్టి మాట్లాడుతుంది.

"గొంతులో జాలి ఉండకూడదు, తొందర ఉండకూడదు. రైలు వేళలు చెప్పినట్టు చెప్పు," అంది డాక్టరమ్మ.

నా గొంతులో రెండూ ఉన్నాయి. అందుకని ఇంట్లో సాధన. అమ్మని వంటిల్లు వదలదు, బాబాయిని కింద మాంసం కొట్టు వదలదు. మిగిలింది తాతయ్య. మధ్యాహ్నం కొట్టు కట్టేసి, పెద్దకత్తిని తనే కడుక్కుంటానని పైకి తెచ్చి, నా ఎదురుగా కూర్చున్నాడు.

"నన్నే పరీక్షిస్తావటే, కోడిపిల్లా?"

"నువ్వు పాసవుతావా అని కాదు తాతయ్యా. నేను తడబడకుండా అడగ్గలనా అని."

"అడుగు. మేకకి ఎన్ని కీళ్లో చెప్పమంటావా?"

"గొడుగు, నది, సబ్బు. తిరిగి చెప్పు."

చెప్పాడు. గడియారం గీశాడు. అంకెలన్నీ కుడిపక్కకి కొట్టుకుపోయాయి, వరదకి గట్టున చేరిన పుల్లల్లా. మూడు మాటలు అడిగితే "గొడుగు" అని ఆగి, నా మొహం చూసి నవ్వాడు. నన్ను ఆటపట్టించటమంటే ఈయనకి నా చిన్నప్పటి నుంచీ సరదా. మళ్లీ చెప్పాను, మళ్లీ అడిగాను. ముళ్లు ఎక్కడ పెట్టాలో వేలితో చూపించాను. నాకు కావలసింది నా సాధన.

జూన్ 6

రోజూ కూర్చుంటున్నాం. ఇప్పుడు ఆయనే గుర్తు చేస్తున్నాడు, "కోడిపిల్లా, పరీక్ష లేదా ఇవాళ?" అని. నేను నోరు తెరవకముందే మూడు మాటలూ అప్పజెబుతాడు. గడియారం చక్కగా గీస్తాడు. నేను తడబడటం లేదు.

ఇలాంటప్పుడు ఈయన మంచివాడే అనిపిస్తుంది. ఆ చేతుల్ని మాత్రం అవి కాగితం మీద ఉన్నప్పుడే చూస్తాను. "పెద్దాయన కొడితే రెండో దెబ్బ అక్కర్లేదు" అంటారు వీధిలో. ఎముక సంగతే అంటారు. నానమ్మకి ఎడమ చెవి వినిపించేది కాదు. పుట్టుకతోనే అని అందరికీ చెప్పేది. ఆ మాట వచ్చినప్పుడల్లా బాబాయి నేలకేసి చూస్తాడు. పిన్ని అయితే ఈ ఇంట్లో రెండేళ్లు ఉండి పుట్టింటికి వెళ్లి, "అక్కడ కత్తులు ఎక్కువ, మాటలు తక్కువ" అని మళ్లీ రాలేదు.

అమ్మ ఉండిపోయింది. నాన్న పోయాక కూడా.

జూన్ 10

మొదటి రోజు. మందుల అల్మారాకీ చేతులు కడుక్కునే తొట్టికీ మధ్య ఉన్న సందు నా గది. గోడ గడియారాన్ని చీటీలు రాసే అక్క పొద్దున్నే పీకి సొరుగులో పడేసింది. "లేకపోతే అందరూ దాన్ని చూసి గీసేస్తారు. ముసలాళ్లని తక్కువ అంచనా వెయ్యకు," అంది.

ఒక మామ్మ నది, సబ్బు చెప్పి, "గొడుగంటావా, ఇంటి దగ్గరే వదిలేసొచ్చానమ్మా, వాన లేదుగా" అంది. మూడు మార్కులూ ఇచ్చేశాను.

తర్వాత ఒక రిటైరైన లెక్కల మాస్టారు. సున్నాలో అంకెలు పట్టలేదు. రెండోసారీ పట్టలేదు. పెన్ను పిడికిట్లో పట్టుకుని కాగితాన్ని పొడిచాడు. ఆగకుండా పొడిచాడు. బల్ల మీది రెక్సిన్ చిరిగి దూది బయటికొచ్చింది. ఆయన భార్య చెయ్యి పట్టుకోబోతే మోచేత్తో ఆవిడ పక్కటెముకల్లో కొట్టాడు. ఆవిడ అబ్బా అనలేదు. నాకేసి చూసి నవ్వింది, చుట్టాల ముందు పిల్లాడు అల్లరి చేసినట్టు.

"ఆయన కాదమ్మా కొట్టింది. జబ్బు," అంది డాక్టరమ్మ.

అప్పుడు ఏడ్చింది ఆవిడ. ఎంత హాయిగా ఏడ్చిందో. ఒక్క మాటతో ఆయన చేతులు కడిగేసి, తుడిచి, ఆవిడ ఒళ్లో పెట్టేశారు.

నాకెందుకో ఒళ్లు మండింది.

జూన్ 12

అమ్మ మణికట్టు విరిగింది.

విరగలేదు. విరిచాడు.

రాత కుదరటం లేదు. వరసగా రాస్తాను.

మధ్యాహ్నం అమ్మ అన్నం పెట్టింది, తాతయ్య తిన్నాడు, చెయ్యి కడుక్కున్నాడు. కడుక్కోవటం నేను చూశాను. కాసేపటికి వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. చేతిలో కడగటానికి పైకి తెచ్చిన పెద్దకత్తి.

"అన్నం పెట్టవా?"

"ఇప్పుడేగా తిన్నారు మామయ్యగారూ," అని అమ్మ నవ్వింది. నవ్వకుండా ఉండాల్సింది.

"పస్తు పెట్టి చంపుతావా నన్ను, పట్టపురాణీ?"

కత్తి చేతిలో తిరగేశాడు. మొండి వైపుకి. మూలుగ ఎముక నలగ్గొట్టాలంటే అలాగే తిప్పుతాడు. తిప్పాడంటే ఆలోచించాడన్నమాట. ఈ ఒక్కటీ నేను మర్చిపోకూడదు: తిప్పాడు.

తడిగుడ్డలో పలక చుట్టి నేలకేసి కొట్టినట్టు చప్పుడైంది. అమ్మ గట్టు పట్టుకుని కిందికి జారింది. చెయ్యి మణికట్టు దగ్గర ఉండకూడని వైపుకి వంగి ఉంది. తాతయ్య పీట మీద కూర్చుని, "ఇప్పుడు పెట్టు" అన్నాడు.

అమ్మ లేచి ఎడమ చేత్తో పెట్టింది. ఆయన మళ్లీ తిన్నాడు. ముద్ద ముద్దకీ ఊదుకుంటూ తిన్నాడు. నేను గోడకి అతుక్కుని నిలబడే ఉన్నాను. డిగ్రీ చదివాను.

పట్టపురాణి అన్నది నానమ్మని ఎకసెక్కానికి పిలిచే పేరు. అమ్మని ఎప్పుడూ 'అమ్మాయ్' అంటాడు. కోపంలో నోటికి ఏదొస్తే అది అని ఉంటాడు.

జూన్ 13

అమ్మకి సిమెంటు కట్టు వేశారు. బాబాయి కత్తులన్నీ పెట్టెలో పెట్టి తాళం వేశాడు.

"నాన్నకి ఏదో అయింది వదినా. ఈ మూణ్ణెల్లుగా మనిషి మనిషిలా లేడు. బుర్ర పాడైంది. లేకపోతే కావాలని చేస్తాడా?"

"కావాలనే చేశాడు," అన్నాను. "నానమ్మ చెవి కూడా జబ్బేనా బాబాయ్?"

"పెద్దంతరం చిన్నంతరం లేదా నీకు?"

"కత్తికి ఉందా?"

"నోరు చూడు వదినా దీనికి! అచ్చం నాన్న నోరే."

అమ్మ కట్టుని ఒళ్లో పెట్టుకుని, పసిపిల్లని పడుకోబెట్టినట్టు సర్దుకుంటోంది. "జబ్బైతే నేను చెయ్యాలి. కాకపోతే నేను పడాలి. మధ్యలో మీరిద్దరూ ఎందుకు గొంతులు చించుకోవటం?" అంది.

చివరికి బాబాయే అన్నాడు: "నీ క్లినిక్‌కే తీసుకెళ్లు. మీ డాక్టరమ్మనే పరీక్ష పెట్టమను. నాన్న బుర్ర బాగానే ఉందని తేలితే, వదినని వెంటబెట్టుకుని నేనే పోలీస్ స్టేషన్‌కి వెళ్తాను. నా కన్నతండ్రి అని కూడా చూడను."

ఒట్టు వేయించుకున్నాను.

జూన్ 14

కత్తి లేదు కాబట్టి తాతయ్య కొట్టులో ఖాళీ మొద్దు ముందు కూర్చుని అరచేత్తో కొడుతున్నాడు. గొడుగు, నది, సబ్బు. గొడుగు, నది, సబ్బు. వచ్చినవాళ్లు పాటేమో అనుకుంటున్నారు.

జూన్ 17

ఐదుకి ఐదు.

నేను చెప్పలేదూ!

సొంతవాళ్లకి మనం పరీక్ష పెట్టకూడదు కాబట్టి డాక్టరమ్మే పెట్టింది. నేనూ అమ్మా గోడ పక్క కుర్చీల్లో. మొదలుపెట్టే ముందు కళ్లజోడు పైనుంచి నాకేసి చూసి అడిగింది, "ఇంతకు ముందు ఈయనకి ఎప్పుడైనా ఈ పరీక్ష చేశారా?"

"క్లినిక్‌లో ఎప్పుడూ చెయ్యలేదు మేడమ్," అన్నాను.

అమ్మ తన కట్టుకేసి చూసుకుంటోంది.

తాతయ్య పెళ్లికొడుకులా కూర్చున్నాడు. మాటలు చెప్పాడు, గడియారం గీశాడు. పదకొండు దగ్గర చిన్నముల్లు, రెండు దగ్గర పెద్దముల్లు. అంత నిటారు గీతలు నావి కూడా రావు. మళ్లీ మూడు మాటలూ చెప్పి నాకేసి కన్ను కొట్టాడు.

"నాకంటే నయం. నేను పొద్దున తాళంచెవి ఎక్కడ పెట్టానో ఇప్పటికీ తెలియదు," అంది డాక్టరమ్మ. కోపం తగ్గటానికి ఏదో మాత్ర రాసి, పరీక్ష కాగితం మీద సంతకం పెట్టింది.

నేను అబద్ధం చెప్పలేదు. క్లినిక్‌లో చెయ్యలేదు. ఇంట్లో చేశావా అని ఆవిడ అడగలేదు. అడిగి ఉంటే చెప్పేదాన్ని. అయినా ఒక మనిషికి ఏదన్నా నేర్చుకునే బుర్ర ఉందంటే, ఆ బుర్ర బాగున్నట్టే కదా.

పైచదువుకి సీటొచ్చింది, వచ్చే నెలలో చేరాలి. ఇంట్లో రోగి ఉంటే ఎవరూ కదలనివ్వరు. దానికీ దీనికీ సంబంధం లేదు.

జూన్ 18

బాబాయి పోలీస్ స్టేషన్ మాట ఎత్తడు. పరీక్ష కాగితం చొక్కా జేబులో పెట్టుకుని వచ్చిన ప్రతివాడికీ తీసి చూపిస్తున్నాడు. "మా నాన్న బుర్ర! ఈ వయసులో ఐదుకి ఐదు! మీ బాబుకి వస్తాయా?"

"నాకిచ్చిన మాట?" అన్నాను.

"ఇచ్చాను. కాదనటం లేదు. కానీ ఆలోచించు. బుర్ర బాగుందంటే, చెప్తే వింటాడన్నమాట. నేను చెప్పాను. ఇంకెప్పుడూ చెయ్యనన్నాడు. మొద్దు దగ్గర కూర్చోబెడితే ఆయన కోపం ఆ ఎముకల మీదే పోతుంది. ఆదివారాలు నేనొక్కణ్ణే ఎంతకని కొట్టను?"

పెట్టె తాళం తీశాడు. కత్తులు ఇచ్చేశాడు.

ఇలా కాదు నేననుకున్నది. బాగున్నాడు కాబట్టి శిక్ష పడాలి అనుకున్నాను. బాగున్నాడు కాబట్టి కత్తి ఇచ్చారు.

"పద, మనిద్దరమే వెళ్దాం స్టేషన్‌కి," అన్నాను అమ్మతో. "చూద్దాంలే," అంది. బాబాయి దగ్గర ఆ కాగితం అడిగి తీసుకుని, కిటికీ దగ్గర వెలుతురులో చాలాసేపు చూసింది. ఐదు అంకె మీద ఎడమచేతి బొటనవేలితో రుద్దింది, తడి ఆరిందో లేదో చూసినట్టు.

జూన్ 20

ఈరోజు నేను కొట్టాను.

ఇంతవరకూ రాసి లేచి వెళ్లి మళ్లీ వచ్చాను. రాస్తాను.

తాతయ్య అమ్మ జడ పట్టుకుని తలని వంటగట్టుకేసి వంచుతున్నాడు. ఎవడి దగ్గరికెళ్లొచ్చావే పట్టపురాణీ అంటున్నాడు. ఒంటిచేత్తో ఉన్న మనిషి. కట్టు గట్టుకి తగిలి టకటకమంటోంది. నేను వెనకనుంచి ఆయన చొక్కా లాగి, ఇటు తిప్పి, చెంప మీద కొట్టాను. జడ వదిలేశాడు. అక్కడితో ఆపొచ్చు. ఆపలేదు. మళ్లీ కొట్టాను. పెదవి చిట్లింది. ఆ రక్తం చూస్తే భయం వెయ్యలేదు, దాహం వేసినట్టుంది. ఇంకోటి కొట్టాను. అమ్మ ఎడమ చేత్తో నన్ను లాగకపోతే ఎక్కడ ఆగేదాన్నో నాకు తెలియదు.

ఆయన కింద కూర్చుండిపోయి పెదవి తడుముకున్నాడు. వేలి మీది రక్తం చూసుకున్నాడు. తర్వాత నాకేసి చూసి, ఎంతో సంతోషంగా, "చెయ్యి మనదే" అన్నాడు.

జూన్ 21

ఏమీ లేదు. అరచెయ్యి వాచింది. క్లినిక్‌లో పెన్ను సరిగ్గా పట్టుకోలేకపోయాను. తలుపు సందులో పడిందని చెప్పాను. చీటీల అక్క నా చెయ్యి చూసింది, మొహం చూసింది. "మా ఇంట్లో కూడా తలుపులు అలాంటివేనే తల్లీ, ఒకప్పుడు," అంది.

జూన్ 23, ఆదివారం

బట్టలు మార్చుకున్నాను. గోళ్ల చుట్టూ ఇంకా ఉంది.

పొద్దున్న కొట్టు ముందు వరస మలుపు దాకా వెళ్లింది. తాతయ్య మొద్దు దగ్గర, బాబాయి తూకం దగ్గర, నేను సంచుల దగ్గర. చూడముచ్చటగా కొడతాడు, ఆ మాట ఒప్పుకోవాలి. కీలు ఎక్కడుందో వెతకడు, కత్తే వెళ్లి అక్కడ వాలుతుంది. తొడని నడుము నుంచి, తలుపు గడియ తీసినంత తేలిగ్గా విడదీస్తాడు. గొడుగు, ఒక దెబ్బ. నది, ఒక దెబ్బ. సబ్బు. వరసలోవాళ్లూ అందుకున్నారు.

"తాతా, నా ముక్కలు నదికి కొట్టు. సబ్బుకొద్దు, జారిపోతాయి."

"నీ తలకాయ కొడతా గొడుక్కి!" అన్నాడు. అందరూ నవ్వారు. నేను కూడా.

అమ్మ మెట్లు దిగి వచ్చింది. ఎడమ చేతిలో టీ ఫ్లాస్కు. తాతయ్య కత్తి ఆపి చూశాడు.

"వచ్చావా పట్టపురాణీ! ఇన్నాళ్లూ ఎక్కడ ఊరేగావు?"

వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. అమ్మ ఆగిపోయింది. "నేను మామయ్యగారూ. పెద్దకోడల్ని."

"పెద్దకోడలా? ఎవర్ని మోసం చేస్తావే? నా పెద్దాడికి ఇంకా పాలపళ్లే ఊడలేదు."

ఆయన పెద్దాడంటే మా నాన్న. నేను బడికి వెళ్లకముందే పోయాడు. నాన్న పాడె ముందు నడిచింది ఈయనే.

ఆ క్షణంలో నాకు అర్థమైంది. అలా రాస్తే అది కూడా క్లినిక్‌లో చెప్పిన జవాబు లాంటిదే అవుతుంది. అంకెలు కుడిపక్కకి కొట్టుకుపోయిన రోజే అర్థమైంది.

ఈసారి కత్తి తిప్పలేదు. పదును వైపే లేచింది. అమ్మ మెడ ఎత్తుకి. బాబాయి తూకం మీది ముక్కలు వదిలేసి మధ్యలో చెయ్యి పెట్టాడు. చెయ్యి వెనక్కి జరిగి మొద్దుకి ఆనింది, కత్తి దాని మీదికి దిగింది. ఎప్పటిలాగే ఒక్క దెబ్బ. బాబాయి చేతిని మొహం దగ్గరికి తెచ్చుకుని చూసుకుని, "వదినా, లోపలికెళ్లు" అన్నాడు. ఆ తర్వాత మోకాళ్ల మీద పడ్డాడు. రక్తం కారలేదు, చిమ్మింది. తూకం గిన్నెలో, నా సంచుల మీద, వరసలో ముందున్న ఆవిడ కళ్లజోడు మీద.

రెండు వేళ్లు మొద్దు మీద మిగతా ముక్కల్లో కలిసిపోయాయి. వాటికీ వీటికీ రంగులో తేడా లేదు. ఏవి మనవో నేనే వెతికి తీశాను. ఒకదానికి ఉంగరం ఉంది కాబట్టి తెలిసింది. రెండోది గోరు చూసి.

తాతయ్య కత్తి మీది రక్తాన్ని గోనెకి తుడిచి, తర్వాతి మనిషికేసి చూసి "నీకెంత?" అన్నాడు.

అప్పుడు మీదపడ్డారు. ఇందాక తాతా అని పాట అందుకున్నవాళ్లే. ఒకడు స్టూలు ఎత్తి వీపు మీద కొట్టాడు. కత్తి జారిపోయాక కూడా కొట్టారు. కింద పడ్డాక తన్నారు. చెప్పుకాలితో ఎవడో మొహం మీద తన్నితే కనుబొమ్మ తెగింది. అమ్మ "చచ్చిపోతాడు, వదలండి" అని అరుస్తోంది. నేను అరవలేదు. నా చేతిలో వేళ్లున్నాయి, వాటిని ఐసులో పెట్టాలి. అందుకే అరవలేదు అనుకుంటున్నాను.

వేళ్లు అతకలేదు. పోలీసులు తాతయ్యని తీసుకెళ్లారు.

నేను కోరుకున్నదే జరిగింది.

జూన్ 24

ఎస్సై పొద్దున్నే తాతయ్యని జీపులో క్లినిక్‌కి తీసుకొచ్చాడు. బాబాయి జేబులోని కాగితం ఇప్పుడు ఆయన చేతిలో ఉంది. రక్తం మరకతో సహా.

"సంతకం మీదే కదా డాక్టర్‌గారూ. మనిషి సరిగ్గా ఉన్నాడంటే కేసు రాసి లోపలేస్తాను. బుర్ర చెడిందంటే పెద్దాసుపత్రికి పంపిస్తాను. ఏదో ఒకటి తేల్చండి."

బాబాయి, ఆసుపత్రిలో వద్దంటున్నా వినకుండా, ముంజేతి దాకా కట్టుతో వచ్చాడు. పక్కన అమ్మ, తన కట్టుతో. గోడ పక్క కుర్చీల్లో ఇద్దరూ చెరో చెయ్యీ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు.

డాక్టరమ్మ మళ్లీ మొదలుపెట్టింది. "మూడు మాటలు చెప్తాను. గొడుగు, నది, సబ్బు."

"గొడుగు, నది, సబ్బు," అన్నాడు తాతయ్య. ఎవరూ చెప్పకుండానే పెన్ను అందుకున్నాడు.

"చూశారా, పోయిన వారంవి కూడా గుర్తున్నాయి. గట్టి పిండం," అన్నాడు ఎస్సై.

ఇంకొక్క నిమిషం నోరు మూసుకుంటే చాలు. తాతయ్య జైలుకి, నేను చదువుకి, అమ్మ ఈ ఇంటి నుంచి బయటికి. నోరు మూసుకోవటమే కదా, నాకు అలవాటైన పని.

తాతయ్య నాకేసి చూశాడు. ఒక కన్ను వాచి మూసుకుపోయింది. పెదవి మీద నేను చీల్చిన చోట పక్కు కట్టింది. తెరిచి ఉన్న కంటితో, మా బల్ల దగ్గర చూసినట్టే చూశాడు. కోడిపిల్ల తడబడకుండా అడిగిందా లేదా అని. ఆయన అనుకుంటున్నది ఆట ఇంకా అవలేదని.

"మేడమ్," అన్నాను. "వేరే మాటలు అడగండి. వేరే టైము గీయమనండి."

"ఎందుకు?"

"అడగండి."

డాక్టరమ్మ నన్ను ఒకసారి చూసి తాతయ్య వైపు తిరిగింది. "కిటికీ, గుర్రం, దువ్వెన. చెప్పండి."

"కిటికీ," అని ఆగాడు. "గుర్రం. అవి కావు కదా?"

"రెండు గంటల నలభై నిమిషాలు గీయండి."

గీశాడు. పదకొండు దగ్గర చిన్నముల్లు, రెండు దగ్గర పెద్దముల్లు. నిటారుగా, గర్వంగా.

"ఇందాక మూడు మాటలు చెప్పాను."

"గొడుగు, నది, సబ్బు."

"అవి కాదు, పెద్దాయనా. కిటికీ ఒకటి. మిగతావి?"

"గొడుగు అంటున్నాగా!" పిడికిలితో బల్ల మీద గుద్దాడు. ఇంకు సీసా ఎగిరి పడింది. "గొడుగు, నది, సబ్బు! ఈవిడకి చెప్పవే కోడిపిల్లా! ఐదుకి ఐదు!" మళ్లీ గుద్దాడు. కానిస్టేబుల్ వెనకనుంచి భుజాలు పట్టుకుంటే అతని చేతిని పళ్లతో పట్టుకున్నాడు. విడిపించటానికి ఇద్దరు కావలసి వచ్చారు. పక్క గదిలోకి లాక్కెళ్లాక కూడా గోడ అవతల నుంచి అవే మూడు మాటలు, తిట్లలో కలిసి.

"ఎవరు నేర్పారు?" అంది డాక్టరమ్మ.

"నేనే. ఉద్యోగంలో చేరకముందు, ఇంట్లో."

"నేను నిన్ను అడిగాను."

"అడిగారు."

ఆవిడ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. బాబాయి నన్ను చూశాడు, తర్వాత వేళ్లు లేని చోటు చూసుకున్నాడు. దానికంటే కొట్టి ఉంటే బాగుండేది.

"నాకూ తెలుసు డాక్టరమ్మా," అంది అమ్మ.

అందరం అటు తిరిగాం.

"రోజూ వంటింట్లోకి వినపడేది. నాకూ వచ్చేసింది, అప్పజెప్పేంతగా. ఆ రోజు మీరు అడిగినప్పుడు నేనూ పక్కనే ఉన్నాను."

"మరి ఎందుకు చెప్పలేదమ్మా?" అని అడిగింది బాబాయి కాదు, ఎస్సై.

"ఆయన బుర్ర బాగానే ఉందని ఒక్క కాగితం మీదన్నా ఉండాలనిపించింది," అంది అమ్మ.

ఎస్సైకి అర్థం కాలేదు. డాక్టరమ్మకి అయిందో లేదో. పాత కాగితం పక్కన పెట్టి కొత్తది తీసింది. పెద్దాసుపత్రికి రాయాలిగా, జబ్బు ఎప్పుడు మొదలైంది, ఏమేం చేశాడు అని. "ఇలా చెయ్యి చేసుకోవటం ఎప్పటినుంచి?" అని బాబాయిని అడిగింది.

"మూణ్ణెల్లు ఉంటుంది మేడమ్. అంతకుముందు మా నాన్న..." అని ఆగిపోయాడు.

"కాదు," అంది అమ్మ. "నేను కాపురానికొచ్చిన నాలుగో రోజు నుంచి. పాలు పొంగిపోయాయని. గరిటె కాడతో, ఇక్కడ." ఎడమ చేత్తో మెడ వెనక జుట్టు పక్కకి తీసి చూపించింది. ఇన్నేళ్లూ నేను దువ్విన జుట్టే. నేనెప్పుడూ చూడని మచ్చ. "అప్పుడాయనకి గడియారం గీయటం బాగానే వచ్చు."

డాక్టరమ్మ పెన్ను ఆపింది. "అది జబ్బు కిందికి రాదమ్మా."

"రాదనే చెప్తున్నాను. అది కూడా రాయండి."

డాక్టరమ్మ ఎస్సైకేసి చూసింది. ఎస్సై బాబాయికేసి చూశాడు. బాబాయి నేలకేసి చూశాడు. గోడ అవతల నది, నది, నది అని ఒక్క దగ్గరే ఆగిపోయింది గొంతు.

"నాలుగో రోజు," అంది అమ్మ మళ్లీ. గొంతులో జాలి లేదు, తొందర లేదు.